పైత్యపు కాలువ పూడినపుడు

పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనబడునని మనవారి సామెత. తన దోషమునే ఇతరులయందు చూచువానిని గూర్చి చెప్పుటకు ఈ మాట చక్కగా పనికివచ్చును గాని, వైద్యులు దీని నంగీకరింపరు. కామెర్ల రోగికి పాలు తెల్లగనే కనబడును. మల్లెపూవు మల్లెపూవువలెనే కనబడును. పచ్చబడినది అతని కన్ను గాని అతని చూపు కాదు. అందుచేతనే ఈ వ్యాధిని తఱచుగా రోగికంటె ముందు ఎదుటివారు కనిపెట్టుదురు.

ఒక ఉపాధ్యాయుని ఊహించుకొందము. వయస్సు అరువదికి సమీపించినది. నొప్పి లేదు, జ్వరము లేదు. ఆకలి మాత్రము మందగించినది. ఒకనాడు తరగతిలో ముందు బల్లమీది విద్యార్థి “మాస్టారూ, మీ కండ్లు పచ్చగా ఉన్నవండి” యనెను. అప్పటికే పది దినములనుండి మూత్రము చిక్కని తేనీటి రంగున నుండెను. మలము పాలిపోయి, ఆయన చేతిలోని సుద్దముక్క రంగునకు వచ్చెను. రాత్రులు ఒడలంతయు దురద. ఇరుగుపొరుగువారు పసరుమందు పోయు ఊరి పేరు చెప్పిరి. ఆయన పోయి వచ్చెను. ఒక వారము పత్యము చేసెను, తగ్గలేదు. మఱియొక ఊరికి పోయెను. ఇట్లు నెలదినములు గడచెను. ఆ నెలదినములలో ఆయన పోగొట్టుకొన్నదేమో తెలియవలెనన్నచో, ముందుగా కామెర్లనగా నేమో తెలిసికొనవలెను.

త్రోవ తప్పిన రంగు

మన రక్తములోని ఎఱ్ఱకణముల ఆయుర్దాయము సుమారు 120 దినములు. కాలము తీరిన కణములు విచ్ఛిన్నమైనపుడు వానిలోని ఎఱ్ఱని వర్ణద్రవ్యమునుండి పసుపుపచ్చని పదార్థ మొకటి పుట్టును. దానికి బిలిరుబిన్ అని పేరు. కాలేయము దీనిని రక్తమునుండి గ్రహించి, నీట కరగునట్లు మార్చి, పైత్యరసముతో కలిపి ప్రేగులలోనికి పంపివేయును. అచ్చటి సూక్ష్మజీవులు దానిని గోధుమవర్ణముగా మార్చును. మలమునకు సహజమైన రంగు దీనివలననే కలుగుచున్నది.

ఆరోగ్యవంతుని రక్తములో నూఱు మిల్లీలీటర్ల ద్రవభాగమునకు ఇంచుమించు ఒక మిల్లీగ్రాము బిలిరుబిన్ ఉండును. అది రెండున్నర, మూడు మిల్లీగ్రాములకు పెరిగినపుడు కంటి తెల్లగ్రుడ్డు పచ్చబడినట్లు తెలియును. పైత్యరసము పోవు మార్గము మూసికొనిపోయినచో ఈ రంగు ప్రేగులకు చేరదు. కనుక మలము సుద్దవలె పాలిపోవును. వెనుకకు మరలి రక్తములో చేరును; కనుక కన్నును చర్మమును పచ్చబడును. రక్తమునుండి మూత్రపిండములగుండ వెడలును. కనుక మూత్రము చిక్కబడును. చూచుటకు మూడు వేఱు లక్షణములుగా తోచినను జరిగినది ఒక్కటియే: పోవలసిన చోటికి పోవలసిన రంగు పోరాని చోటికి పోయినది.

అయితే కామెర్లన్నియు ఈ జాతివి కావు. రక్తకణములు మితిమీరి నశించుటవలన కొన్ని వచ్చును. కలుషితమైన నీటిద్వారా, ఆహారముద్వారా వ్యాపించు వైరసులు కాలేయ కణములను పీడించుటవలన కొన్ని వచ్చును. మన పల్లెలలో ఎక్కువగా చూచునది ఈ రెండవ జాతియే. గర్భిణులు మొదలగు కొందఱికి ప్రమాదకరమైనను, ఇది చాలమందిలో కొన్ని వారములకు తనంతట తానే నెమ్మదించును. ఆ వారములలో నేలఉసిరి పసరు త్రాగినవాడు పసరువలన తగ్గినదనును. ఏమియు త్రాగనివానికి కూడ తగ్గినదన్న సంగతి యెవ్వరును లెక్కపెట్టరు. పసరుమందు కీర్తి ఇట్లు పెరిగినది. కాలువ పూడుటచే వచ్చిన కామెర్లు మాత్రము ఈ విధముగా తగ్గునవి కావు. పూడిక తీయవలెను, లేదా వేఱొక దారి చేయవలెను. మూడవ మార్గము లేదు.

కాలేయములోని కాలువలు

గోదావరి ధవళేశ్వరము దాటిన పిమ్మట పాయలై, కాలువలై, పంటబోదెలై చీలిపోవుట మనము చూచియున్నాము. కాలేయములో దీనికి విపరీతము. అక్కడ కంటికి కనబడని బోదెలలో ప్రవాహము పుట్టి, బోదెలు కలిసి పిల్లకాలువలై, అవి కలిసి పెద్దకాలువలై, తుదకు కుడివైపునుండి యొకటి, ఎడమవైపునుండి యొకటి కాలేయపు ముఖద్వారమున కలిసికొనును. సుమారు ఒకటిన్నర కిలోల బరువుగల కాలేయము దినమునకు అరలీటరు మొదలు లీటరు వఱకు పైత్యరసమును తయారుచేయును. దారిలో పిత్తాశయమను చిన్నసంచి యున్నది. భోజనవేళ కావలసిన రసమును అది చిక్కబఱచి దాచియుంచును. చివరి పెద్దకాలువ పొడవు 8 సెంటీమీటర్లకు మించదు. వెడల్పు ఇంచుమించు 6 మిల్లీమీటర్లు. అది క్లోమగ్రంథి తలభాగమును దూసికొనిపోయి ఆంత్రమూలములోనికి తెఱచుకొనును. ఆ తూము దగ్గఱ తలుపువలె పనిచేయు కండరవలయ మొకటి కలదు. దానిని గూర్చి 1887లో వివరముగా వ్రాసినవాడు రుగ్గెరో ఓడ్డి యను ఇటలీ దేశీయుడు. అప్పటి కాయన వైద్యవిద్యార్థి మాత్రమే. నేటికిని ఆ వలయము ఓడ్డి పేరుననే పిలువబడుచున్నది.

ఈ కాలువ పూడుటకు కారణములు పెక్కులు. పిత్తాశయమునుండి జారిన రాయి అడ్డుపడవచ్చును. క్లోమగ్రంథి తలలో పుట్టిన కంతి బయటినుండి నొక్కవచ్చును. కాలువగోడలోనే పుండు పుట్టవచ్చును. పూర్వము జరిగిన శస్త్రచికిత్స మచ్చగట్టి కాలువను బిగింపవచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రేగులలోని ఏలికపాము తూములోనుండి పైకి ప్రాకుట కూడ కలదు. దేశమును బట్టి కారణము మారును. గంగాతీరపు మైదానములలో పిత్తాశయపు క్యాన్సరు హెచ్చు. ఈశాన్య థాయిలాండులో పచ్చిచేపలు తినుటచే కాలేయములో చేరు ఒక క్రిమి పైత్యనాళములలో క్యాన్సరునకు దారితీయుచున్నది.

రంగు మారుట ఒక్కటియే అయినచో ఇంత భయపడ నక్కఱలేదు. పైత్యరసము లేనిదే క్రొవ్వు జీర్ణము కాదు. క్రొవ్వు జీర్ణము కానిదే దానితో వచ్చు కె విటమిను ఒంటబట్టదు. ఆ విటమిను లేనిదే రక్తము గడ్డకట్టదు. కోడిపిల్లలు ఊరకే రక్తము కారి చచ్చుట చూచి ఈ విటమినును కనుగొన్న డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డామ్ 1943 సంవత్సరపు నోబెల్ బహుమానమును మఱియొకరితో పంచుకొనెను. ఇంతకంటె పెద్ద అపాయము వేఱొకటి కలదు. నిలిచిన నీరు కుళ్లినట్లు నిలిచిన పైత్యరసములో సూక్ష్మజీవులు పెరుగును. చలి వణకుతో జ్వరము, కామెర్లు, కుడివైపు డొక్కలో నొప్పి అను మూడును కలిసి వచ్చినచో ఈ స్థితిని శంకింపవలెనని 1877లోనే ఫ్రెంచి వైద్యుడు షార్కో చెప్పెను. అప్పుడు మందొక్కటియే చాలదు. ఒత్తిడితో నిండియున్న కాలువలోనికి మందు సరిగా చేరదు. లోపలి చీమును బయటికి వదలవలసినదే. గంటలు గడచినకొలది ప్రాణాపాయము పెరుగును.

హనోయి నుండి చీబా వఱకు

కాలువ యెచ్చట పూడినదో తెలియక దానిని బాగుచేయుట యెట్లు? 1895 నవంబరులో రంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనినపుడు ఎముకలు కనబడినవి గాని పైత్యనాళములు కనబడలేదు. అవి మెత్తని మాంసములోని మెత్తని గొట్టములు. 1924లో అమెరికాలో గ్రాహమ్, కోల్ అను వైద్యులు ఒక ఉపాయము చేసిరి. కిరణముల నడ్డగించు మందును రక్తములోనికి పంపిరి; కాలేయము దానిని పైత్యరసముతో పాటు విసర్జించుటచే పిత్తాశయము చిత్రములో కనబడెను. మంచి ఉపాయమే కాని, అవసరమైనచోటనే ఇది విఫలమయ్యెను. కాలువ మూసికొన్న రోగిలో కాలేయము రంగునే విసర్జింపలేదు, మందునెట్లు విసర్జించును?

కనుక మందును తిన్నగా కాలువలోనే పోయవలెను. 1921లో జర్మనీలో బుర్కార్ట్, ముల్లర్ అనువారు చర్మముద్వారా పిత్తాశయమును సూదితో పొడిచి చూచిరి. కాని కాలేయమును చీల్చికొనిపోయి దానిలోని పైత్యనాళమునే సూదితో అందుకొని చిత్రము తీసినవారు హనోయి నగరములోని ఇద్దఱు: ఫ్రెంచి వైద్యుడు పియర్ హ్వార్, వియత్నాం దేశీయుడైన దో జువాన్ హోప్. సంవత్సరము 1937. ఆనాడు వియత్నాం ఫ్రెంచివారి వలస. వారు వాడిన మందు లిపియొడోల్; అనగా గసగసాల నూనెకు అయొడిన్ పట్టించినది. ఒక వలసదేశపు వైద్యసంఘ పత్రికలో వెలువడిన ఆ వ్యాసమును ప్రపంచము పెద్దగా పట్టించుకొనలేదు. 1952లో అమెరికాలో కార్టర్, సేపోల్ అనువారు నీట కరగు మందుతో అదే పని చేసి ప్రకటించిన తరువాతనే ఈ పద్ధతికి ప్రచారము కలిగెను.

అయినను భయము పోలేదు. అప్పటి సూదులు లావుగా నుండెను. సూది తీసిన పిమ్మట ఆ రంధ్రముగుండ పైత్యరసము కడుపులోనికి కారుటయు, రక్తము స్రవించుటయు కలదు. అందుచే శస్త్రవైద్యుడు సిద్ధముగా నున్నపుడే, ఆపరేషనుకు కొంచెము ముందుగా మాత్రమే ఈ పరీక్ష చేయుచుండిరి. ఈ భయమును తొలగించినవారు జపాను వైద్యులు. చీబా విశ్వవిద్యాలయమున రూపొందిన సూది వెలుపలి వెడల్పు 0.7 మిల్లీమీటరు మాత్రమే. అది పొడుగైనది, వంగునది. ఇది కాలేయములోనికి పలుమాఱులు పోయి వచ్చినను చేయు గాయము స్వల్పము. 1974లో ఒకుడా, ఆయన సహచరులు దీనితో జరిపిన పరీక్షల ఫలితములను ఇంగ్లీషులో ప్రకటించిరి. నాటినుండి చీబా సూది ప్రతి దేశపు ఆసుపత్రిలోను ప్రవేశించెను.

ఇంతవఱకు చూచుట మాత్రమే జరిగినది. పూడికకు దారి చేయుటకు మఱియొక విద్య కావలసివచ్చెను. 1953లో స్టాక్‌హోమ్ నగరమున స్వెన్ ఇవార్ సెల్డింగర్ అను యువ రేడియాలజిస్టు ఒక చిన్న ఉపాయమును ప్రకటించెను. సూదితో నాళమును అందుకొనుము; సూదిలోనుండి సన్నని తీగను పంపుము; తీగను అచ్చటనే యుంచి సూదిని తీసివేయుము; తీగమీదుగా గొట్టమును జార్చుము. ఇంతే. వినినవానికి ఇది యెవ్వరికి తోచదని యనిపించును. కాని అంతవఱకు ఎవ్వరికిని తోచలేదు. డాక్టరు పట్టమునకు ఈ విషయము చాలదని ఆయన పైయధికారి తలంచెను. సెల్డింగర్ వేఱొక విషయమును తీసికొని 1966లో సిద్ధాంతగ్రంథము సమర్పించెను. ఆ విషయమేదో కాదు, చర్మముద్వారా సూదితో పైత్యనాళములను చిత్రించుటయే! గ్రంథమును చదివినవారు కొలదిమంది. ఆ చిన్న ఉపాయము లేక నేడు గుండె ఆసుపత్రిగాని, క్యాన్సరు ఆసుపత్రిగాని నడువదు.

ఈ రెండు ధారలును 1970 ప్రాంతమున కలిసెను. సూదితో చూచిన కాలువలోనే తీగను పంపి, గొట్టమును నిలిపి, కామెర్లను తగ్గింపవచ్చునని 1974లో మోల్నార్, స్టాకమ్ అనువారు అమెరికాలో ప్రకటించిరి. 1978 నాటికి జపాను, స్వీడన్, డెన్మార్కు, అమెరికా దేశములనుండి ఇట్టి నివేదికలు వరుసగా వెలువడెను. ఎక్స్-కిరణములతో చిత్రములు తీసి యిచ్చు వైద్యుడు ఆనాటినుండి చికిత్సకుడు కూడ నయ్యెను.

బల్లమీద జరుగు పని

మన ఉపాధ్యాయుని మరల తలంచుకొందము. తుదకు ఆయన నగరములోని ఆసుపత్రికి చేరెను. మొదట అల్ట్రాసౌండు స్కానింగు చేసిరి. అది నొప్పిలేని పరీక్ష. కాలేయములోని కాలువలు ఉబ్బియున్నవని అది కొలది నిముషములలో తెలుపును. తరువాత సీటీ స్కాను, ఎమ్మార్ స్కాను తీసిరి. 1991నుండి వాడుకలోనికి వచ్చిన ఎమ్మార్ విధానముచే సూది గ్రుచ్చకయే పైత్యనాళముల పటమంతయు చూడవచ్చును. కనుక నేడు కేవలము చూచుట కొఱకు సూది గ్రుచ్చుట అరుదు. గ్రుచ్చినచో దారి చేయుటకే.

అయితే ఆ దారికి కూడ చర్మమునుండి పోవుటయే మొదటి మార్గము కాదు. నోటిద్వారా ఎండోస్కోపు గొట్టమును ఆంత్రమూలము వఱకు దించి, తూమునుండి పైకి పోవు పద్ధతి కలదు. కాలువ క్రిందిభాగమున పూడినపుడు సాధారణముగా అదియే ముందు. కాని పూడిక కాలేయద్వారము దగ్గఱ ఎత్తున నున్నను, పూర్వపు ఆపరేషనువలన జీర్ణాశయపు దారి మారిపోయినను, ఆంత్రమూలమే కంతిచే మూసికొన్నను, క్రిందినుండి పోవుట దుర్ఘటము. అప్పుడు ప్రక్కనుండి, చర్మముద్వారా, కాలేయముగుండ పైనుండి దిగవలెను. దిగువ తూము తెఱచుకొననపుడు ఎగువ గట్టున గండి కొట్టినట్లు.

ముందుగా రక్తము గడ్డకట్టు శక్తిని పరీక్షింతురు. కొఱత యున్నచో కె విటమిను నిత్తురు. సూక్ష్మజీవి నాశకమైన మందును ముందుగనే ఎక్కింతురు. రోగి వెల్లకిల పండుకొనును. మత్తు కొంచెము, సూది గ్రుచ్చుచోట తిమ్మిరిమందు. సాధారణముగా కుడిప్రక్కన, క్రింది ప్రక్కటెముకల సందున స్థానము నిర్ణయింతురు. మఱి పైకి పోయినచో ఊపిరితిత్తి పొర అడ్డమగును. ప్రతి ప్రక్కటెముక క్రిందియంచున రక్తనాళము లుండును గనుక, సూదిని క్రింది ఎముక పైయంచును ఆనించి పంపుదురు. శరీరనిర్మాణ శాస్త్రమును బాల్యమున బట్టీపట్టిన విద్యార్థికి ఆ పాఠము ఏల అవసరమో ఇచ్చట తెలియును.

సన్నని సూదిని కాలేయములోనికి పంపి, మెల్లమెల్లగా వెనుకకు లాగుచు చుక్కలుచుక్కలుగా రంగుమందు నెక్కింతురు. వైద్యుని కన్నులు తెరమీదనే యుండును. మందు క్షణములో కొట్టుకొనిపోయినచో సూది రక్తనాళములో నున్నదని అర్థము. మందు కదలక మెల్లగా నడచుచు, కొమ్మలు తొడిగిన చెట్టువలె నిలిచినచో అదియే పైత్యనాళము. ఇచ్చట తొందరపడి ఎక్కువ మందు నెక్కింపరాదు. కుళ్లిన రసము ఒత్తిడికి రక్తములోనికి దూరి, రోగి బల్లమీదనే వణకనారంభించును. కాలేయద్వారము చెంత పెద్ద రక్తనాళములు గుమిగూడియుండును గనుక, దానికి దూరముగా చివరి కొమ్మలలో నొకదానినే దారిగా ఎన్నుకొందురు.

తరువాతిది సెల్డింగర్ చూపిన వరుస: సూది, తీగ, గొట్టము. తీగ పూడిక దగ్గఱకు వచ్చి ఆగును. వైద్యుడు వ్రేళ్ల కొనలతో దానిని త్రిప్పుచు సందు వెదకును. ఇంచుమించు 2.7 మిల్లీమీటర్ల లావుగల గొట్టమును తఱచుగా వాడుదురు. తీగ పూడికను దాటి ఆంత్రమూలములోనికి జారినచో ఆ గొట్టమును దానిమీదుగా పంపుదురు. గొట్టమునకు పూడిక పైభాగమునను, క్రిందిభాగమునను రంధ్రములుండును. కొన పందితోకవలె చుట్టుకొని జారిపోకుండ నిలుచును. పైనుండి లోనికి వచ్చిన రసము క్రింది రంధ్రములగుండ ప్రేగులో పడును. కొంత బయట కట్టిన సంచిలోనికి కూడ వచ్చును. తీగ పూడికను దాటనిచో నిరాశ చెందనక్కఱలేదు. గొట్టమును పైననే ఉంచి రసమును సంచిలోనికి వదలుదురు. కొన్ని దినములకు వాపు తీసిన పిమ్మట, మూసికొన్న సందే తెఱచుకొని దారి యిచ్చుట కలదు.

కాలువలు ఉబ్బియున్న రోగులలో ఈ పని నూటికి తొంబదియైదుమందిలో సఫలమగును. అయినను ఇది చిన్నపని యని చెప్పరాదు. రక్తములో విషమెక్కుట, రక్తస్రావము అను పెద్ద చిక్కులు ఒక్కొక్కటి నూటికి ఇద్దఱు ముగ్గురికి సంభవించును. కాలేయద్వారమునే కంతి మూసినచో కుడి ఎడమ కాలువలు విడిపోయి, రెండు వైపుల రెండు గొట్టములు కావలసివచ్చును.

గొట్టముతో జీవితము

మొదటిదినము సంచిలో పడిన రసమును చూచి ఇంటివారు సంతోషింతురు. దురద కొలది దినములలో తగ్గును. కాని కన్ను వెంటనే తెల్లబడదు. బిలిరుబిన్‌లో కొంతభాగము రక్తములోని మాంసకృత్తుతో గట్టిగా అంటుకొనియుండి, ఆ మాంసకృత్తు నశించువఱకు వదలదు. అందుకు వారములు పట్టును. ఇది తెలియక “గొట్టము వేసినను తగ్గలేదు” అని మరల పసరు వైద్యుని వెదకినవారు కలరు.

ఇంటివద్ద చేయవలసిన పనులు వంటపని వంటివే: నియమముగా చేసినచో సులభము, మఱచినచో నష్టము. వైద్యుడు చెప్పినట్లు శుద్ధిచేసిన ఉప్పునీటిని గొట్టములోనికి మెల్లగా నెక్కించి శుభ్రపఱచవలెను. చర్మముచుట్టు కట్టు మార్చవలెను. సంచి ఎప్పుడును నడుముకంటె క్రిందనే యుండవలెను. రసమంతయు బయటికి పోవునపుడు దానితో నీరును లవణములును పోవును గనుక ఆ మేరకు త్రాగింపవలెను. గొట్టము జారినను, చలిజ్వరము వచ్చినను, కట్టు తడిసినను రేపటికని ఆగరాదు. రెండు మూడు నెలల కొకసారి గొట్టమును తీగమీదుగనే మార్చవలెను. కొందఱికి తరువాత పూడికలోనే లోహపు వలవంటి స్టెంటును విప్పి, బయటి గొట్టమును తీసివేయుదురు. అప్పుడు ప్రక్కన సంచి యుండదు. చొక్కా తొడిగికొని పదిమందిలోనికి పోవచ్చును.

రాయియైనచో రాయిని తీసివేసిన పిమ్మట కథ ముగియును. కంతియైనచో ముగియదు. ఆపరేషనుతో తీసివేయదగిన స్థితిలో నున్నపుడు, ముందుగా గొట్టము వేయుట అందఱికిని మంచిదని పూర్వము తలంచిరి. 2010లో హాలండు వైద్యులు క్లోమము తలలో కంతిగల రోగులను పరిశీలించి, ముందుగా ఎండోస్కోపుతో కాలువ తెఱచి తరువాత కోసినవారికంటె, ఆలస్యము లేక కోసినవారికే పెద్ద చిక్కులు తక్కువగా వచ్చెనని చూపిరి. అనగా దారి చేయగలిగినంత మాత్రమున ప్రతివానికి దారి చేయవలెనని లేదు. ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అను ప్రశ్నలు ముందు వేసికొనవలెను.

అడుగవలసిన ప్రశ్న

మన ఉపాధ్యాయునికి నెలదినముల ఆలస్యమువలన పోయినదేమి? కంతి చిన్నదిగా నుండి కోసి తీయుటకు వీలైన కాలము కొందఱికి చాల స్వల్పము. అది పసరుమందు ఊళ్లు తిరుగుటలో గడచిపోవచ్చును. కనుక చదువరులు ఒక్క మాట గుర్తుంచుకొన్న చాలును: కన్ను పచ్చబడి, మూత్రము చిక్కబడి, మలము సుద్దవలె పాలిపోయి, దురద పుట్టినచో, నొప్పి లేదని ఊరకుండరాదు. ఆ వారములోనే రక్తపరీక్షయు స్కానింగును జరుగవలెను. ఈ రెండును నేడు చిన్న పట్టణములలో కూడ దొరకుచున్నవి. ఒక తరగతి విద్యార్థులకు ఈ నాలుగు లక్షణములు చెప్పినచో నలుబది యిండ్లకు చేరును.

కంతి తీయరానిదైనపుడు మఱియొక ప్రశ్న వచ్చును. గొట్టము వేసినచో దురద తగ్గును, విషజ్వరము తొలగును, క్యాన్సరు మందులు ఎక్కించుటకు వీలు కలుగవచ్చును. కాని ప్రక్కన సంచి వ్రేలాడును, ఆసుపత్రికి మాటిమాటికి పోవలసివచ్చును, మిగిలిన దినములు ఎన్నో తెలియవు. శక్తియుడిగి పడకను పట్టినవానికి ఈ పని మేలుకంటె కష్టమే చేయవచ్చును. లాభనష్టములను తూచవలసినవాడెవడు? మన యిండ్లలో తఱచుగా కొడుకులు, అల్లుండ్రు వరండాలో వైద్యునితో మాటలాడి నిర్ణయించెదరు. లోపలి మంచముమీది వానికి “కామెర్లేనండి, తగ్గిపోవును” అని చెప్పెదరు. ప్రేమవలననే యట్లు చేయుదురు. కాని ప్రక్కన గొట్టము మోయవలసినది ఆయన. రాత్రులు దురదతో మేల్కొనియుండునది ఆయన. ముప్పది యేండ్లు పిల్లలకు ఉన్నమాట చెప్పి, లెక్కలు తప్పినచో తప్పినదని చెప్పిన మనిషికి, తన విషయములో ఉన్నమాట వినుటకు అధికారము లేదనుట న్యాయమా? కొందఱు వేయుడందురు; కొందఱు వలదందురు. రెండును గౌరవింపదగిన జవాబులే. కాని ప్రశ్న ఆయనను అడుగవలెను.

కన్ను పచ్చబడినను రోగి చూపు పచ్చబడదని మొదట చెప్పితిమి. లోకము ఆయనకు ఎప్పటివలెనే కనబడుచున్నది. మంచముచుట్టు నిలిచినవారి ముఖములు కూడ ఆయనకు స్పష్టముగనే కనబడుచున్నవి.